తెనాలి తోడు

శుక్రవారం ఉదయం మధుసూదనరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఇంటి నుంచే ఆఫీసు పని, మధ్యలో ఆవకాయ అన్నం, ఆపైన ఓ కునుకు. దేశం కాని దేశంలో, సెంగ్‌కాంగ్‌లోని ఆ ఫ్లాట్‌లో పగటిపూట ఆయన్ని అడిగేవాళ్ళు లేరు. భార్య అరుంధతి సైన్స్ పార్క్‌లోని తన ఆఫీసుకి వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక్క మాట చెప్పింది.

"ఏమండీ, ఫ్రిజ్‌లో పాలు ముట్టుకోకండి. సాయంత్రం వచ్చి తోడు పెట్టాలి. రేపు తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లో దద్ధోజనం నాదే."

పాలు ముట్టుకోవద్దంది కానీ పెరుగు ఊసెత్తలేదు. ఆవకాయ అన్నం తిన్నాక నోరు భగ్గుమంటే ఫ్రిజ్ తెరిచాడు. చిన్న గిన్నెలో అడుగున కాస్త పెరుగు కనిపించింది. మొదటి చెంచా మంటకి తిన్నాడు, రెండోది రుచికి, మిగతాది ఆ కాస్తా ఎందుకు ఉంచడమని. గిన్నె వేలితో తుడిచి నాకి, బుద్ధిమంతుడిలా కడిగి బోర్లించాడు కూడా. బోర్లించాక గుర్తొచ్చింది, అది తోడు.

ఆ తోడు అలాంటిలాంటిది కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు తారాదేవి స్టీలు డబ్బాలో పోసి, పట్టుచీర మడతల్లో చుట్టి, తెనాలి నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన తోడు. నాటి నుంచి నేటి దాకా ఈ ఇంట్లో పెరుగంతా ఆ చెంచాడు తోడు సంతానమేనని మధుసూదనరావు నమ్మకం. "తెనాలి తెనాలే! దీని ముందు షాపు పెరుగు ఉత్త సున్నం" అనకుండా ఆయన ఏ రోజూ పెరుగన్నం ముగించలేదు. అడిగినవాళ్ళందరికీ అరుంధతి చెంచాడేసి పంచింది. పుట్టింటి వస్తువుల్లో రోజూ చేతికి తగిలేది ఆమెకి అదొక్కటే. అది కాస్తా ఇప్పుడు తన పొట్టలో ఉంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే చూడగలనా అనుకుంటూ ఫోన్ అందుకున్నాడు.

అందులో వెతికితే ఒక వంటింటి చిట్కా దొరికింది. గోరువెచ్చటి పాలలో తొడిమలున్న ఎండుమిరపకాయలు రెండు వేసి ఉంచితే తెల్లారేసరికి తోడుకుంటుందట. తెల్లారేదాకా ఆగే యోగం ఆయనకి లేదు. రెండు కాయలకి రాత్రంతా పడితే గుప్పెడు కాయలకి గంట చాలని లెక్కగట్టి, త్వరగా అవుతుందని పాలు బాగా మరిగించి, రేపటి దద్ధోజనానికి దాచిన పాలన్నీ ఆ ప్రయోగానికే అర్పించాడు. గంట తర్వాత గిన్నెలో తేలిన ఎర్రటి పదార్థం పాలూ కాదు, పెరుగూ కాదు. చారు అనడానికి ఉప్పొకటి తక్కువ. ఆ ఘాటుకి దగ్గుతూనే ఆఫీసు మీటింగ్‌లో కూర్చుంటే మేనేజరు కంగారుపడి, "యు సిక్ ఆహ్? గో సీ డాక్టర్ లా!" అని అక్కడి యాసలో గదమాయించి సెలవిచ్చేశాడు.

ఆ సెలవు పుచ్చుకుని మధుసూదనరావు పక్క బ్లాకులో ఉండే నిఖిల ఇంటికి పరుగెత్తాడు. పోయిన ఏడాదే ఆ అమ్మాయికి అరుంధతి తోడిచ్చింది. అందులోంచి ఒక్క చెంచా వెనక్కి పుచ్చుకుంటే తప్పేముంది?

"తోడా అంకుల్? ఎందుకు లేదు, ఉంది. అంటే... ఇప్పుడు ఫ్రిజ్ క్లీన్ చేస్తున్నా. సాయంత్రం ఇవ్వనా?" అంది నిఖిల, తలుపు సగమే తెరిచి.

ఆ సగంలోంచి ఆమె కూతురు తల బయటికొచ్చింది. "నో లా అంకుల్! మమ్మీ బైస్ షాప్ కర్డ్. ఎవ్రీడే షాప్ కర్డ్!"

నిఖిల పిల్ల నోరు మూసింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. "ఆంటీకి చెప్పకండి అంకుల్, ప్లీజ్! ఇచ్చిన నెలకే బాగా పులిసిపోయింది. పారబోశానంటే ఎంత బాధపడతారోనని దాచాను."

"నా సంగతీ నువ్వు చెప్పకు తల్లీ" అని మధుసూదనరావు తన పాపం బయటపెట్టాడు.

నిఖిలకి కాస్త ధైర్యమొచ్చింది. "కీర్తిక దగ్గర ఉంటుందంకుల్. తను అన్నీ జాగ్రత్తగా దాచుకుంటుంది" అని అప్పటికప్పుడు ఫోన్ కలిపింది. కీర్తిక ఉండేది వుడ్‌ల్యాండ్స్‌లో, పనిచేసేది అరుంధతి ఆఫీసులోనే. నిఖిల విషయమంతా చెప్పింది.

"ఆఁ... ఉంది. ఉండాలి. సాయంత్రం వుడ్‌ల్యాండ్స్ స్టేషన్ దగ్గరికి అంకుల్‌ని రమ్మనక్కా" అంది కీర్తిక నసుగుతూ. అరుంధతికి తెలియనివ్వనని కూడా మాటిచ్చింది.

సాయంత్రం స్టేషన్ బయట కీర్తిక ఒగరుస్తూ వచ్చి ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. మూత మీద చుక్కల అక్షరాలతో 'తారాదేవి' అని చెక్కి ఉంది. అత్తగారి పేరు చూసి అంతగా సంబరపడటం మధుసూదనరావుకి జీవితంలో అదే మొదలు. పాపం, తోడుతో పాటు డబ్బా కూడా ఇన్నాళ్ళు దాచుకుందీ పిల్ల అనుకున్నాడు. అక్కడే మూత తీసి, వేలితో ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

"అచ్చం తెనాలి! నా కాపురం నిలబెట్టావమ్మా!"

కీర్తిక నవ్వీ నవ్వనట్టు నవ్వి, పనుందంటూ జనంలో కలిసిపోయింది. ఆ ఆనందంలో ఆయన సెంగ్‌కాంగ్‌లో దిగాక గుండ్రంగా తిరిగే ఎల్‌ఆర్‌టీ బుల్లిరైల్లో తప్పు లూప్ ఎక్కాడు. డబ్బాని ఒళ్ళో పెట్టుకుని సంబంధం లేని పేటలన్నీ చుట్టి, దారిలో పాలు కొని, ఇల్లు చేరాడు. డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేస్తుండగా అరుంధతి లోపలికొచ్చింది. చేతులు కడుక్కుని తిన్నగా ఫ్రిజ్ తెరిచి, అలాగే నిలబడిపోయింది.

"ఈ డబ్బా ఇక్కడికెలా వచ్చిందండీ?"

"అదెప్పుడూ అక్కడే ఉంటుందిగా" అన్నాడాయన గోడ వైపు చూస్తూ.

"ఇవాళ నేను లంచ్ పట్టుకెళ్ళింది దీన్లోనే. మధ్యాహ్నం నా చేత్తో నేనే దీన్ని కీర్తికకిచ్చా. తోడు కావాలి, ఇవాళే కావాలని ప్రాణం తీసింది."

మధుసూదనరావు ఇక గోడ వైపు చూడటం మానేశాడు. ఆవకాయ దగ్గర మొదలుపెట్టి ఎల్‌ఆర్‌టీ దాకా అంతా చెప్పేశాడు. "తప్పైపోయింది అరుంధతీ. కానీ మీ అమ్మగారి తోడు ఎక్కడికీ పోలేదు. నేను రుచి చూశాగా, కళ్ళు మూసుకుని చెప్తా, ఇది తెనాలే."

అరుంధతి కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందేమోనని ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. హ్యాండ్‌బ్యాగులోంచి షాపు పెరుగు ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో సగం పెరుగు ఉంది.

"కీర్తిక అడిగిందని ఆఫీసు దగ్గర షాపులో కొన్నా. మిగతా సగం మీ స్టీలు డబ్బాలో ఉందండీ."

"మరి అసలు తోడో?"

"మా తమ్ముడి పెళ్ళికి వెళ్తూ, కరెంటు ఆదా అని మీరు మెయిన్ ఆపేశారు గుర్తుందా? తిరిగొచ్చాక ముక్కు మూసుకుని ఫ్రిజ్ కడిగాం. అది ఆ రోజే పోయింది. అప్పట్నుంచీ నేను తోడేసేదీ, ఊరందరికీ పంచిందీ ఈ షాపుదే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే!"

"చెబుదామనే అనుకున్నా. ఆ రాత్రి షాపు పెరుగుతో అన్నం పెడితే తెనాలి తెనాలే అన్నారు. మీ మొహంలో ఆ సంతోషం చూశాక నాకు నోరు రాలేదు."

ఆయనకి సిగ్గేసింది, ఆవిడ మీద ప్రేమ కూడా పొంగుకొచ్చింది. ఏదో అనబోయేలోపు తెనాలి నుంచి వీడియో కాల్ మోగింది. తెరనిండా తారాదేవి మొహం.

"అమ్మాయ్, వచ్చే నెల వస్తున్నాగా, తోడు ఓ చెంచాడు నాకోసం తీసిపెట్టు. ఇక్కడ మాది పోయి ఏళ్ళయింది, ప్యాకెట్ పెరుగే గతి. అసలైనది నీ దగ్గరే మిగిలిందే!"

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు.

"భద్రంగా ఉందత్తయ్యగారూ" అన్నాడు మధుసూదనరావు.

ఆ నెలంతా ఆయన షాపుకి వెళ్ళినప్పుడల్లా రెండేసి పెరుగు డబ్బాలు కొన్నాడు, ఒకటి తినడానికి, ఒకటి వంశం నిలబెట్టడానికి.