సీసం గవ్వలు, నాలుగో గడి దయ్యం

ముందే చెబుతున్నాను, మీరు నవ్వకూడదు.

అప్పట్లో, అంటే డెబ్బై మూడులో, మా ఆవిడ పుణ్యవతికి ఏడో నెల. మొదటి పురుడు పుట్టింట్లోనే కదా, వచ్చే వారం తణుకు వెళ్ళిపోవాలి. మళ్ళీ బిడ్డకు మూడో నెల వచ్చాకే బాలానగర్ రావడం. అంటే ఆరు నెలలు నేనొక్కణ్ణే. 'వెళ్ళకు' అని నోరు విడిచి అడగడానికి నాకు సిగ్గు. పైగా ఫ్యాక్టరీలో యంత్రాల బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని!

అందుకని ఓ ఆట కనిపెట్టాను. పేరు దయ్యాలపాళి. పాత డ్రాయింగు కాగితం వెనక అరవై గళ్ళు గీసి, పాముల బదులు దయ్యాల్ని పెట్టాను. ఉద్యోగం అలవాటు ఊరుకోదుగా, ఒక్కో దయ్యానికీ ముందు వైపు బొమ్మ, పక్క వైపు బొమ్మ, కొలతలు కూడా వేశాను. నాలుగో గడిలో కొరివిదయ్యం. దాని కింద ఎర్ర సిరాతో, "ఇక్కడ ఆగినవారు ఏడాదిపాటు రైలెక్కరాదు" అని రాశాను.

మరి ఆవిడ సరిగ్గా అక్కడే ఆగాలంటే? నాలుగు గవ్వలు తెచ్చి వాటి కడుపుల్లో సీసం కరిగించి పోశాను. ఎలా విసిరినా నాలుగూ నోళ్ళు తెరుచుకునే పడ్డాయి, అంటే పందెం ఎప్పుడూ నాలుగే. నా బుర్రకి నేనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పక్క వాటాలోని రాజయ్య, సత్తెమ్మ దంపతులు ఆటకొచ్చారు. రాజయ్య మా ఫ్యాక్టరీలోనే పోత పని చేస్తాడు.

బొమ్మలు చూడగానే సత్తెమ్మ నా మీద పడింది. "కడుపుతోటున్న పిల్లకు దయ్యాల ఆటేంది సారూ? జర సోంచాయించాలె గదా!"

"నాకేం భయం లేదక్కా," అంది పుణ్యవతి. "ఈ కొరివిదయ్యానికి అచ్చం ఈయన మీసమే. రోజూ చూస్తున్నదేగా."

అవమానం దిగమింగి, "ముందు నువ్వు విసురు పుణ్యం," అన్నాను ఉదారంగా.

విసిరింది. నాలుగు!

"అయ్యయ్యో, కొరివిదయ్యం! ఇంక నీ ప్రయాణం..."

"అప్పుడే ఏమిటండీ? నాలుగంటే చమ్మా. చమ్మా పడితే మళ్ళీ విసరాలి. పందెం ఆగిన చోటేగా దయ్యం పట్టేది!"

నిజమే. గవ్వలాడే ప్రతి ఇంట్లోనూ ఉన్న నియమమే. సీసం సంబరంలో నాకే గుర్తు రాలేదు.

మళ్ళీ విసిరింది. నాలుగు. మళ్ళీ నాలుగు. శాకిని, ఢాకిని, బ్రహ్మరాక్షసుడు, అందరి నెత్తి మీదుగా నడుచుకుంటూ పదిహేను విసుర్లలో అరవయ్యో గడి చేరిపోయింది. మేం ముగ్గురం గవ్వలు ముట్టుకోనైనా లేదు.

రాజయ్య ఓ గవ్వ తీసి అరచేతిలో ఎగరేసి చూశాడు. "సారూ, గిది నేనిచ్చిన సీసమే గదా! గోడ గడియారం లోలకానికని తీస్కపోతివి?"

నేను గోడ వైపు చూశాను. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇగ లే, మనింటికి పోదాం," అని మొగుణ్ణి లాక్కుపోయింది.

ఇద్దరమే మిగిలాం.

"ఎవరు రైలెక్కకూడదండీ?"

"నువ్వే."

"ఎందుకో?"

"నువ్వు లేకపోతే నాకు తోచదు పుణ్యం. అన్నం ఎలాగో వండుకుంటాను. సాయంత్రం వచ్చేసరికి తలుపు తీసేవాళ్ళు లేకపోతే..." ఆ ఒక్క మాటకి ఇంత సీసం ఖర్చయింది.

ఆవిడ మెల్లిగా లేచి, కందిపప్పు డబ్బా కింద నుంచి ఓ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. మా అత్తగారి రాత. 'నువ్వు కోరినట్టే పురుడు అక్కడే, బాలానగర్‌లోనే. నేను ఇంకో రెండు వారాల్లో బండి దిగుతాను.' తేదీ చూస్తే పది రోజుల కిందటిది.

"పది రోజులుగా దాచావా?"

"మిమ్మల్ని వదిలి ఉండలేక అమ్మకి నేనే రాశాను. మీరు కూడా 'ఉండు' అని ఒక్క మాట అంటారేమోనని చూశాను. మీరేమో దయ్యాలకి కొలతలు వేసుకుంటూ కూర్చున్నారు!"

ఆరు నెలలకని పెట్టే బేడాతో దిగబోయే అత్తగారిని తల్చుకుని అంతగా పొంగిపోయిన అల్లుడు, ఆ వేళ బాలానగర్ మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.