పొంగని పాపడాలు

ఆ ఉదయం వెంకవ్వ అనుకున్నది ఒక్కటే, మేడ మీద మిరపకాయలు ఎండబోయాలని. తీరా ఎక్కి చూస్తే తెల్లటి గుడ్డ మీద జొన్న పాపడాలు పల్చగా, గుండ్రంగా ఎండుతున్నాయి. మనవరాలు స్నేహల్ చేసినవే. ఆ పిల్ల నాందేడ్‌లోనే ఆర్ట్ కాలేజీలో వస్తువుల డిజైన్ మీద పీజీ పరిశోధన చేస్తోంది. అది ముగిస్తే పుణె వెళ్లిపోతుందని వెంకవ్వకు గుబులు. ఇంట్లోవాళ్లు కూరగాయలకు పోయినా మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడే మనిషి మరి. పాపడాలు నేర్చిన పిల్ల ఇంకెక్కడికి పోతుందిలే అనుకుని, తొలి పాపడాలు నలుగురికీ పంచే ఆనవాయితీ కొద్దీ గల్లీ అంతా పంచి వచ్చింది.

స్నానం చేసి వచ్చిన స్నేహల్ ఖాళీ గుడ్డ చూసి కూలబడింది.

"అవ్వా, అవి పాపడాలు కావు. ప్లాస్టిక్‌కు బదులు జొన్నగంజితోని చేసిన షీట్లు. గ్లిజరిన్ కలిపిన. సాయంత్రం పరీక్షల చూపియ్యాలె."

వెంకవ్వ చెవిలో గ్లిజరిన్ ఒక్కటే నిలిచింది, అది విషమే అనుకుంది. పక్కింటి శాంతాబాయి దగ్గరికి పరుగెత్తింది.

"గప్పుడే తిన్నం వదినె. నోట్లె ఏస్తె కరిగిపోయినయ్" అంది శాంతాబాయి.

ఎదురింటి నర్సన్న నాలుగు తిన్నానన్నాడు. ఒక్కో ఇంట్లో మెప్పు పెరిగేకొద్దీ వెంకవ్వ తర్వాతి ఇంటికి ఇంకా వేగంగా పరుగెత్తింది. గల్లీ గల్లీకే తన చేత్తో వీడ్కోలు చెప్పినట్టయిందని ఏడుస్తూ ఆటోలు పిలిచింది. ఏదో చెప్పబోయిన వాళ్లు ఆమె ముఖం చూసి ఆటోలెక్కారు.

దవాఖానలో డాక్టరు అందరి కడుపులూ కడగాలంటూ పొడవాటి గొట్టం బయటికి తీశాడు. నర్సన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"సాబ్, నేను తినలే. నూనెల ఏస్తె పొంగలే. వదినె మనసు నొస్తదని అట్ల జెప్పిన." వంగి చెప్పులోంచి ఒక షీటు లాగాడు. "అడుగు అరిగింది, గిది మంచిగ గట్టిగున్నది."

శాంతాబాయిది మజ్జిగ కుండ మీద మూతయిందట. మరొకరిది కిటికీ చిల్లుకు అతికిందట. వెంట వచ్చిన స్నేహల్ ఇంటింటికీ తిరిగి అన్నీ ఏరుకుని, మజ్జిగ మరకలతోనే కాలేజీకి పరుగెత్తింది.

పిల్ల చదువు తన వల్లే పాడైందని వెంకవ్వ పొద్దుగూకేదాకా గుమ్మం వదల్లేదు. స్నేహల్ ఆటో దిగుతుండగానే అడిగింది.

"మీ సారు ఏమన్నడు బిడ్డా?"

"షీట్ల కన్న గల్లీల వాడకమే నచ్చిందట అవ్వా. ఇంకో ఏడాది ఈడనే ఉండి, మనోళ్ల ఇండ్లల్ల వాడిపిచ్చి చూడాలెనట."

వెంకవ్వ ముఖం వెలిగింది. మర్నాడే నిజమైన జొన్న పాపడాలు చేసి గల్లీ అంతా పంచింది.

నర్సన్న తనది చెప్పులో పెట్టుకున్నాడు.