బొగ్గుగనిలో నా కొట్టు

మొదలుపెట్టిన రోజున నా పెట్టుబడి ఇది: రెండు ఉత్త చేతులు, ఎదురుగా ఒక చెట్టు, చుట్టూ ఎవరిదీ కాని భూమి. ముప్ఫై ఏళ్ల కిందట పైపుల కొట్టు తెరిచినప్పుడు కూడా నా దగ్గర ఇంతకంటే ఎక్కువ సరంజామా ఉండేది.

అయినా సరే, చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. ప్రతి ఇంట్లోనూ ఒక బొగ్గుగని ఉండి తీరాలి! కంప్యూటర్లో ఉన్నా చాలు.

వీడియో గేములు సంసారాలను పాడుచేస్తున్నాయని కొందరు పెద్దలు వాపోతుంటారు. వాళ్లకు గని లేదు, అదీ వాళ్ల బాధ. మాకుంది. మా అమ్మాయి తవ్వింది. ఉద్యోగం చేసే పిల్ల. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి, బ్యాగు సోఫాలో పడేసి, నేరుగా భూగర్భంలోకి దిగిపోతుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చెట్టును పిడికిలితో గుద్దితే కట్టె వస్తుంది. కట్టెతో గునపం. గునపంతో బొగ్గూ ఇనుమూ. ఇనుముతో యంత్రం. యంత్రం తిరగడానికి కరెంటు. కరెంటుకు బాయిలర్. బాయిలర్‌కు మళ్లీ బొగ్గు. ఆ బొగ్గు తవ్వడానికి ఇంకా పెద్ద యంత్రం. చివరికి ఇదంతా ఎందుకని అడక్కండి. పెద్ద పెద్ద కంపెనీలను ఎవరైనా అడుగుతున్నారా?

ఇందులో ఆమె భాగస్వామి మా మామగారు. సబ్‌స్టేషన్ ఆపరేటరుగా రిటైరై మా దగ్గరే ఉంటున్నారు. గేము రాకముందు ఆయన పొద్దస్తమానం మా ఇంటి స్విచ్‌బోర్డులు విప్పి చూస్తుండేవారు. ఇప్పుడు వాటి జోలికే రావడం లేదు. ఇదొక్కటి చాలదూ, గేము వరమని చెప్పడానికి!

ఆయన గంటగంటకూ బాయిలర్ రీడింగు లాగ్‌బుక్కులో రాస్తారు. కంప్యూటర్లో కాదు, చేత్తో, నోటుపుస్తకంలో. మనవరాలైనా సరే, రాతపూర్వకంగా అనుమతి తీసుకోనిదే తీగ ముట్టుకోనివ్వరు. ప్రతి మంగళవారం అరగంట కరెంటు కోత కూడా పెట్టారు. కరెంటు మిగిలిపోతుంటే కోత దేనికని అమ్మాయి అడిగితే, అలవాటు తప్పితే జనం చెడిపోతారన్నారు. ఆ లోకంలో జనం లేరు. ఉన్నవి నాలుగు గొర్రెలు.

ఇక వెలుతురు సంగతి. మా స్నానాలగదిలో బల్బు పోయి నలభై రోజులైంది. ఆ నలభై రోజుల్లోనే తాతామనవరాలు కలిసి ఒక కొండకు ఈ కొస నుంచి ఆ కొస దాకా దీపాలు పెట్టారు. పళ్లు తోముకోవడానికి ఆ కొండ దగ్గరకే వెళ్లొస్తానంటోంది మా ఆవిడ.

చూశారా, ఎటు చూసినా లాభమే! చిక్కల్లా ఒకటే. ఆ లాభంలో నాకు వాటా లేదు. వాళ్లిద్దరూ ఆరింటి నుంచి ఏడింటి దాకా గలగలా మాట్లాడుకుంటారు. ఆఫీసు ఎలా ఉందమ్మా అని నేనడిగితే, బానే ఉంది నాన్నా అంటుంది. రోజూ అదే సరుకు, అదే ప్యాకింగు.

అందుకని కొట్టు గుమాస్తాకు అప్పగించి ఐదున్నరకే ఇంటికి రావడం మొదలుపెట్టాను. మూడో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చెట్టును గుద్దాను.

వారం తిరగకుండానే నాకొక ఘోరం కనబడింది. అంత పెద్ద లోకం! గనులున్నాయి, కొలిములున్నాయి, కన్వేయర్ బెల్టులున్నాయి. ఒక్క కొట్టు లేదు! ఎవరికి కావలసింది వాళ్లే తవ్వుకుని వాళ్లే వాడేసుకుంటున్నారు. మధ్యలో మనిషి లేకుండా సరుకు చేతులు మారడమేమిటి? అదసలు నాగరికతేనా?

ఆ లోటు నేను పూడ్చాను. గనికీ బాయిలర్‌కీ మధ్య ఒక పెట్టె పెట్టి, పక్కన నిలబడ్డాను. గని నుంచి వచ్చిన బొగ్గు నా పెట్టెలో పడాలి. నా పెట్టె నుంచి నేను బాయిలర్‌కు అందిస్తాను. పదికి ఒకటి తరుగు కింద తీసుకుంటాను. కంప్యూటర్ బొగ్గుకు తరుగేమిటంటారా? ముప్ఫై ఏళ్లుగా ఇనప పైపులకే తీస్తున్నాను, ఎవరూ అడగలేదు.

అలా కొంత పోగయ్యాక నాలోని వర్తకుడు నిద్ర లేచాడు. గిరాకీ బాగుంది, సరుకు నా దగ్గరే ఉంది. నాలుగు రోజులు ఆపితే రేటు పెరగదూ? ఒక సాయంత్రం పెట్టె మూత వేసేశాను.

ఆ లోకంలో రేటు అనేదే లేదన్న సంగతి నాకు తట్టలేదు.

బాయిలర్ చల్లారింది. కరెంటు పోయింది. గనిలో నీళ్లు తోడే పంపు ఆగింది. అమ్మాయి రెండు నెలలు కష్టపడి చేసిన పెద్ద డ్రిల్లు నీళ్లలో మునిగిపోయింది. మామగారు గడియారం చూసి లాగ్‌బుక్కులో రాశారు: "6.10. సరఫరా నిలిచింది. కారణం: అల్లుడు."

అమ్మాయి నా పెట్టె తెరిచి చూసింది.

"నాన్నా, ఇందులో తొమ్మిది వందల బొగ్గులున్నాయి. ఎవరికి అమ్ముదామని?"

"మీకేనమ్మా."

"మేం తవ్విన బొగ్గు మాకేనా?"

"తవ్వడం వేరు, దొరకడం వేరు" అన్నాను.

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అల్లుడూ, ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నేను కరెంటు తీశానే గానీ, దాచుకోలేదయ్యా."

కొట్టుకొచ్చేవాళ్లు ఇన్నాళ్లూ ఈయన్నెలా భరిస్తున్నారో అని వంటింట్లోంచి మా ఆవిడ వాకబు చేసింది.

మర్నాడు నా స్థానంలో అమ్మాయి ఒక గరాటు బిగించింది. అవునండీ, గరాటు! పైన పడింది కింద వదులుతుంది. తరుగు తీయదు, మూత వేసుకోదు. రేటు పెరుగుతుందని ఎదురుచూడదు. కుశలమడగదు, టీ తెప్పించదు, రేపు రమ్మనదు. అలాంటి దాన్ని పట్టుకుని వ్యాపారి స్థానంలో కూర్చోబెడతారా? నేను నా కుర్చీ గోడవైపు తిప్పుకుని పేపరు చదువుకున్నాను. మూడు రోజులు నాతో "బానే ఉంది" కూడా లేదు.

నాలుగో రోజు గరాటు బుద్ధి బయటపడింది. దానికి రాయీ బొగ్గూ ఒకటే. బాయిలర్ నిండా రాళ్లు! మంట లేదు. తాతామనవరాలు ఎంతసేపు చూసినా రెండూ నల్లగానే కనబడుతున్నాయట. నేను గోడవైపు నుంచే మెడ తిప్పి ఒక్క చూపు చూసి, అదీ అదీ అదీ రాళ్లన్నాను. సరుకు చూసే కన్ను గరాటుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

"గరాటు పక్కన నిలబడి ఏరతావా నాన్నా?" అంది అమ్మాయి, కుర్చీ ఇటు తిప్పుతూ.

తరుగు లేకుండానా అని అడగబోయి, పేపరు మడిచాను.

నెలైంది. రోజూ ఆ గనిలోకి అరవై మెట్లు దిగి, గరాటు పక్కన నిలబడి, రాళ్లు ఏరుతున్నాను. మొదట్లో "రాయి ఉందా నాన్నా", "లేదమ్మా" వరకే నడిచింది. నిన్న మాత్రం, రాయి సంగతి అడగకుండా, ఆఫీసులో ఏమైందో తెలుసా నాన్నా అని మొదలుపెట్టింది. వాళ్ల మేనేజరు గురించి, ఉద్యోగం మానేద్దామా అన్న ఆలోచన గురించి, భయం గురించి.

గేము వరమేనని మళ్లీ చెబుతున్నాను. మూడు గదుల ఇంట్లో కన్నకూతురి మనసులో ఏముందో తెలుసుకోవడానికి ఒక తండ్రి భూమి అడుగుకు దిగి కూలిపని చేయవలసి వస్తే, అది వరం కాక మరేమిటి?

ఇక నిన్నటి లెక్క. వచ్చింది: ఇరవై రెండు నిమిషాలు. పోయింది: ఆమె చెబుతుంటే నా కళ్లముందే బాయిలర్‌లోకి దొర్లిన పదకొండు రాళ్లు. చూస్తూనే పోనిచ్చాను.