పాత ముఖాలకు తేనె లేదు

ఒక పెద్ద అడవిలో జంబులయ్య అనే నక్క తేనె కొట్టు నడిపేది. మోదుగాకు కార్డు ఉన్నవాళ్ళకే అక్కడ తేనె పోసేవారు. కొత్తగా కార్డు తీసుకుంటే కుండెడు తేనె స్వాగత కానుక. ఈ మాట బోర్డు మీద ఏనుగంత అక్షరాల్లో ఉండేది. కింద షరతులు మాత్రం చీమ కూర్చుని రాసినట్టుండేవి.

ఒకరోజు ముళ్ళపంది శూలమ్మ రొప్పుతూ వచ్చింది. పిల్లదానికి నాలుగు రోజులుగా విడవని దగ్గు. తేనె పట్టమని కొంగ వైద్యుడు చెప్పాడు. తేనెకి బదులుగా ఇచ్చి కొందామంటే ఇంట్లో ఒక్క ఇప్పపువ్వు కూడా లేదు.

"జంబులయ్యా, ఆ కానుక కుండ నాకిప్పించవయ్యా. పదేళ్ళుగా నీ కొట్టుకే వస్తున్నాను."

"అదేనమ్మా చిక్కు. కానుక కొత్తవాళ్ళకి. నువ్వు మాకు బాగా తెలిసినదానివి."

"అయితే కార్డు వదిలేసి మళ్ళీ తీసుకుంటాను."

"వదిలేశాక ఇరవై నాలుగు పున్నములు ఆగాలి. రూలు."

"అందాకా నా పిల్ల ఆగుతుందా?"

"పిల్లల గురించి షరతుల్లో ఏమీ లేదమ్మా," అంది నక్క, ఎంతో నొచ్చుకుంటూ.

అంతలో ఊసరవెల్లి వచ్చింది. మొన్న పసుపుపచ్చగా వచ్చి ఒక కుండ, నిన్న ఆకుపచ్చగా వచ్చి ఇంకో కుండ పట్టుకెళ్ళింది ఇదే. ఇవాళ ఎర్రగా ఉంది.

నక్క లేచి నిలబడింది. "రండి రండి! మిమ్మల్ని ఇదివరకెప్పుడూ చూడలేదే!" అంటూ కొత్త కార్డూ, కానుక కుండా చేతికిచ్చింది.

శూలమ్మకి ఒళ్ళు మండిపోయింది. కార్డు చించి గుమ్మంలో పారేసి, నక్కకి తేనె తెచ్చిపోసే ఎలుగుబంటి ఇంటికి నేరుగా వెళ్ళింది. ఎలుగు ఏ రూలూ అడగలేదు.

"ముందు పిల్లకి పట్టు తల్లీ. ఇప్పపువ్వు పూసినప్పుడు తెద్దువుగాని," అంది.

మర్నాటికి పిల్ల తేరుకుంది. ఈ సంగతి అడవంతా పాకింది. పాతవాళ్ళంతా కార్డులు చించేసి ఎలుగు ఇంటి ముందు వరస కట్టారు. ఎలుగు ఇక కొట్టుకి తేనె పంపడం మానేసింది. నక్క దగ్గరికి వచ్చేది ఊసరవెల్లి ఒక్కటే, రోజుకో రంగులో. వారం తిరక్కుండా కొట్టు ఖాళీ అయింది.

చివరికి నక్క శూలమ్మ కాళ్ళావేళ్ళా పడింది. "ఎలుగుకి ఒక మాట చెప్పి నాకు తేనె పోయించమ్మా. ఇకనుంచి కానుకలన్నీ పాతవాళ్ళకే!"

"చెబుదునయ్యా. కానీ నువ్వు మాకు బాగా తెలిసినవాడివి కదా," అంది శూలమ్మ. "ఇరవై నాలుగు పున్నములు ఆగి, కొత్తవాడివై రా."

నీతి: మర్యాద దక్కాలంటే పరిచయం పెంచుకోకూడదు.