ఎండుచేపలకు అనామక ధ్రువపత్రం

అనామకంగా ఉండడమనేది ఎవరి ఇష్టానికి వారికి వదిలేయదగ్గ విషయం కాదని బిష్కెక్ నగరం గ్రహించి రెండేళ్లయింది. అప్పటిదాకా ఎవరు పడితే వాళ్లు "మా బ్యాండు పేరు ఎవరికీ తెలీదండీ" అని చెప్పుకు తిరిగేవారు. ఊళ్లో సగం పెళ్లివిందుల్లో పాడిన ఒక పెద్దమనిషి, తనను పక్కింటివాళ్లు కూడా ఎరగరని ప్రమాణం చేసి, సరస్సు ఒడ్డున అనామక బృందాల కోసం వేసే వేసవి వేదికను మూడేళ్లు వరసగా ఎక్కాడు. (ఆయన మేనమామ ఏ పదవిలో ఉన్నారన్నది ఇక్కడ అప్రస్తుతం.)

అందుకని అనామక వాద్యబృందాల ధ్రువీకరణ శాఖ పుట్టింది. నియమం ఒక్కటే. ఆల్బమ్ విన్నవారు వందమందికి మించరాదు. నూట ఒకటో మనిషి విన్న క్షణం నుంచి ఆ బృందం సుప్రసిద్ధం. (సుప్రసిద్ధుల వేదిక ఎక్కడానికి యాభైవేల మంది శ్రోతలు కావాలి. ఈ రెంటికీ మధ్య ఉన్నవారి గురించి శాఖ ఆలోచిస్తోంది.)

నేను పత్రికలో ప్రతి గురువారం కొత్త ఆల్బమ్‌లను సిఫార్సు చేస్తుంటాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఈ వసంతంలో నేను నెత్తికెత్తుకున్నది బాలిక్‌చీ ఊరి బృందం, పేరు 'ఎండుచేపలు'. జీపారా పాడుతుంది, ఆమె తమ్ముడు తాలాయ్ డ్రమ్ములు వాయిస్తాడు. అంతే బృందం. వాళ్ల కొత్త ఆల్బమ్ గురించి వరసగా నాలుగు వారాలు రాశాను. నాలుగో పాటలో చలికాలమైనా గడ్డకట్టని సరస్సులాంటి దుఃఖం ఉందని కూడా రాశాను. (ఆల్బమ్ నేను వినలేదు. వారానికి నలభై వస్తాయి. వింటూ కూర్చుంటే సిఫార్సు చేయడానికి తీరికెక్కడిది?)

ఆ అనామకుల వేసవి వేదిక దొరికితే తాలాయ్ ఊళ్లోనే ఉంటాడు. దొరక్కపోతే శనివారం బండెక్కి మాస్కోలో గిడ్డంగి పనికి పోతాడు. ఆ మాట జీపారా నాకు ఫోనులో చెప్పినప్పుడు, ధ్రువపత్రం నేనే దగ్గరుండి ఇప్పిస్తానని మాటిచ్చాను.

ముగ్గురం పొద్దున్నే శాఖకు వెళ్లాం. అప్పటికి శ్రోతలు ఎనభై ఆరుగురు. మొదటి బల్ల దగ్గర ఉద్యోగి, ఇది సంగీతమేనా అని తేల్చడానికి ఆల్బమ్ విన్నాడు. రెండో బల్ల ఉద్యోగి, మొదటి బల్ల ఉద్యోగి నిజంగానే విన్నాడా అని తేల్చడానికి విన్నాడు. మూడో బల్ల కల్‌బూబూ గారిది. ముద్ర ఆవిడ చేతిలోనే ఉంటుంది, శ్రోతల సంఖ్య చూపే తెర ఆవిడ ముందే ఉంటుంది.

"ఎనభై ఎనిమిదా? అంతమంది ఎవరమ్మా?"

"అమ్మ తరఫు వాళ్లు, నాన్న తరఫు వాళ్లు, మేడమ్," అంది జీపారా.

"రెండు వైపులా కలిపి ఇంతేనా? అయితే నిజంగానే మిమ్మల్నెవరూ ఎరగరు!" అని ఆవిడ సంతోషించి, ఆల్బమ్ మొత్తం విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మా దేశంలో మంచి కబురు మొదట మోసుకొచ్చినవాళ్లకు 'సుయుంచు' ఇవ్వాలి, కండువానో మిఠాయి పెట్టెనో. ఎవరికీ తెలియని మంచి పాట కంటే మంచి కబురేముంటుంది? ఆవిడ వెంటనే ఓష్ నగరంలో ఉన్న వదినకు ఫోను చేశారు.

"సుయుంచు వదినా! ముందు కండువా ఇస్తానని ఒప్పుకో, అప్పుడు చెప్తా. పోయినసారిలా పాతది అంటగట్టకు!"

కండువా సమర్పించుకున్న వదిన, ఇంకో కండువా రాబట్టుకోవాలంటే ఇంకొకరికి చెప్పక తప్పదు. వదిన వియ్యపురాలికి చెప్పింది. వియ్యపురాలు దంతవైద్యుడికి చెప్పింది, నోరు తెరిచే ఉన్నా. పన్నెండూ యాభైకి తెర మీద వంద కనబడింది.

"ఇంక చాలు! ఎవరూ వినకండి!" అని కల్‌బూబూ గారు ఫోనులో కేకలేసి ఓష్‌ను అదుపులోకి తెచ్చారు. "వందంటే వందే, నియమానికి సరిపోయింది. భోజనం చేసొచ్చి రెండింటికి ముద్ర వేస్తా. ఈ గంటా ఊపిరి బిగబట్టుకుని కూర్చోండి."

శాఖ ఎదుట బెంచీ మీద కూర్చుని సమ్సాలు తిన్నాం. తాలాయ్ ఒళ్లో సంచి పెట్టుకుని దాని మీద వేళ్లతో దరువేస్తున్నాడు.

"మీరు రాసింది చదివి అమ్మ తికమక పడిందన్నా," అంది జీపారా. "నాలుగో పాటలో దుఃఖమెక్కడుందే, గిన్నెలో లగ్‌మాన్ నూడుల్స్ గురించే కదా అంది. చదువుకున్నవాళ్లకు వినబడుతుందిలే అమ్మా అని సర్దిచెప్పాను."

నాలుగు వారాలు రాసి రాసి, విన్నానన్న నమ్మకం నాకు బాగా కుదిరిపోయింది. లగ్‌మాన్ మాత్రం ఎంత తలచుకున్నా గుర్తురాలేదు. సరే, మళ్లీ ఒకసారి విందామని పక్కకు వెళ్లి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాను.

సరస్సు లేదు. ఒక అక్క తమ్ముణ్ణి భోజనానికి పిలుస్తోంది. లగ్‌మాన్ చల్లారిపోతోంది, రారా, అంటోంది. అంతే మాటలు. అతను మాటతో బదులు చెప్పడు. దూరం నుంచి డ్రమ్ములు మొదలై, మెల్లగా దగ్గరికొచ్చి, గుమ్మం దగ్గర ఆగుతాయి. నేను చెట్టు చాటున నిలబడి ఏడ్చాను. పదకొండేళ్లలో నేను సిఫార్సు చేసినవాటిలో ఇంత మంచివి ఎన్ని ఉన్నాయో అని సిగ్గుపడ్డాను కూడా.

రెండింటికి కల్‌బూబూ గారు ముద్ర ఎత్తి, తెర చూసి, దించేశారు.

"నూట ఒకటి. ఒంటిగంటా నలభైకి. ఎవరా మహానుభావుడు?"

నా మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. జీపారా వాటిని చూసింది, నన్ను చూసింది.

"అన్నా... అంటే మీరు ఇంతకుముందు వినలేదా?"

నేను ఇయర్‌ఫోన్లు తీసి జేబులో కుక్కుకున్నాను. తాలాయే అన్నాడు, "పోన్లే అక్కా. డ్రమ్ములెలా ఉన్నాయన్నా?"

"చాలా బాగున్నాయి," అన్నాను. ఆ ఆల్బమ్ గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే.

కల్‌బూబూ గారు వేరే సొరుగు తీసి సుప్రసిద్ధ ధ్రువపత్రం మీద టపీమని ముద్ర వేశారు. ఎంతైనా మంచి కబురే కనుక, ఆనవాయితీ తప్పకుండా, "సుయుంచు!" అంటూ చేయి చాచారు.

తాలాయ్ సంచిలోంచి డ్రమ్ము పుల్లలు తీసి ఆ చేతిలో పెట్టాడు.

తర్వాతి గురువారం నేను తలాస్ నుంచి వచ్చిన ఒక కొత్త బృందాన్ని సిఫార్సు చేశాను. వాళ్లకు ఏ నష్టమూ జరగకూడదని వినలేదు.