మాయమైన పగులు

మూడేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుకుంటున్న పగులు తెల్లారేసరికి మాయమైపోయింది!

ఇంజనీరమ్మ కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. బల్ల మీద రైలు పట్టా ముక్క అద్దంలా మెరుస్తోంది. రైలు ప్రమాదాలు తప్పించడానికి లాభాపేక్ష లేకుండా పరిశోధనలు చేసే సంస్థ అది. పట్టాల్లో లోపాల్ని పసిగట్టే యంత్రాన్ని ఆమె తయారుచేసింది. పదకొండింటికి రైల్వే కమిటీ వస్తుంది. వాళ్ళ కళ్ళముందు యంత్రం ఆ పగులు పట్టుకోవాలి. లేకపోతే మూడేళ్ళ కష్టం మట్టిపాలు.

"ఏం పోయింది మేడం?" వాచ్‌మన్ రిజిస్టర్ తెరిచాడు.

"పట్టాలో పగులు."

"పట్టా ఉందిగా?"

"ఉంది. పగులే లేదు."

"అయితే బాగుపడినట్టేగా! ఫిర్యాదు ఎవరి మీద రాయమంటారు?"

ఆమె తల పట్టుకుని బాబాయి వైపు తిరిగింది. రిటైరైన రైల్వే వెల్డరు ఆయన. నెల రోజులుగా ఇక్కడి వర్క్‌షాపులో ఊరికే సాయం చేస్తున్నాడు. తను వేసిన అతుకు నలభై ఏళ్ళలో ఒక్కటీ విడలేదని చెప్పని రోజు లేదు.

"బాబాయ్, పట్టా ఎవరైనా మార్చేశారా?"

"లేదమ్మా. అదే పట్టా," అని ఆయన మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

ఆమెకు ఉన్న మతి కూడా పోయింది. ఇంతలో డైరెక్టర్ పరుగున వచ్చి, సంగతి సగమే విన్నాడు.

"పగులేగా? ఇప్పుడే పుట్టిద్దాం!" కోటు విప్పి సమ్మెట అందుకున్నాడు.

ఎత్తిన సమ్మెట దించకముందే కమిటీ లోపలికొచ్చింది.

"రైళ్ళ భద్రత అంటే ఇదా?" అంది కమిటీ పెద్దావిడ.

ఇక చేసేదిలేక ఇంజనీరమ్మ యంత్రాన్ని పట్టా మీద నడిపించింది. మధ్యకు రాగానే అది కీచుమంది. ఏమీ లేనిచోట ఎందుకు అరుస్తున్నట్టు?

పెద్దావిడ అక్కడ వేలితో తడిమింది. "వెన్నలా ఉంది. నీ యంత్రం అబద్ధాలాడుతోందమ్మా," అంటూ సంచి భుజాన వేసుకుంది.

ఇంజనీరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం దగ్గర బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"యంత్రం నిజమే చెప్పిందండీ. లైన్ మీద పగులుకి సుద్దతో సున్నా చుట్టారంటే బాగుచెయ్యమనేగా! నిన్న సాయంత్రం ఈ పట్టా మీద అలాగే కనిపించింది. మా పిల్ల మర్చిపోయిందేమో అనుకుని వెల్డింగ్ చేసి, నున్నగా అరగదీశాను. పైకి ఎవరూ వంక పెట్టలేరు. కానీ లోపల, సరిగ్గా అది అరిచినచోటే, చిన్న గాలి బుడగ ఉండిపోయింది. టీ చల్లారిపోతోందని తొందరపడ్డానండీ."