రిజిస్టరుకెక్కిన పాప

ఆరాధన పాఠాలు చెప్పే మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. తొమ్మిదింటికి మొదటి సంవత్సరం వాళ్ళకు శిశు బాప్తిస్మం ప్రాక్టికల్. పదిన్నరకు టీ. పదకొండుకు పాలకమండలి సమావేశం. ఆయన సర్వీసును మూడేళ్ళు పొడిగిస్తారో, నెలాఖరుకు ఇంటికి పంపించేస్తారో ఆ సమావేశంలో తేలిపోతుంది. పంపించేస్తే 'ఆరాధనకు పరిచయం' అనే సబ్జెక్టు కూడా ఆయనతోపాటే ఇంటిదారి పడుతుంది. దాని స్థానంలో మైకులూ స్పీకర్లూ అమర్చడం నేర్పే కోర్సు పెడతారట. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

ఆ దైవశాస్త్ర కళాశాలలో అందరూ ఆయనను గడుల మాస్టారంటారు. వెనకాలే అంటారు గానీ ఆయనకు తెలుసు. రిజిస్టరులో ఒక్క గడి ఖాళీగా వదిలినా, ఒక్క అక్షరం కొట్టేసినా ఆయన ఊరుకోరు. విద్యార్థులు రాసి నేర్చుకునే పుస్తకం కూడా అసలుదానికి తీసిపోకూడదని పట్టుబట్టి, ప్రార్థనాలయపు రిజిస్టరుకు కవలపిల్లలాంటిది ఒకటి కుట్టించారు. అదే నల్ల అట్ట, అదే ఎర్ర అంచు, అవే గడులు. "మాస్టారూ, మీ దానికి కనీసం ఒక లేబులైనా అంటించండి" అని ఆఫీసు గుమాస్తా బతిమాలాడు.

"లేబులా? నా విద్యార్థికి పుస్తకం గుర్తుపట్టడం రాదనా మీ ఉద్దేశం?" అని మాస్టారు కసిరారు. పాపం గుమాస్తా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ప్రాక్టికల్‌కు బిడ్డ కావాలి. సెలవులకు వచ్చిన ఆరేళ్ళ మనవరాలు, కూతురి కూతురు, తన రబ్బరు బొమ్మను అరువిచ్చింది. జుట్టు తడపకూడదు, మధ్యాహ్నానికల్లా తిరిగిచ్చేయాలి, తను ముందు బెంచీలో కూర్చుని చూస్తుంది అని మూడు షరతులు పెట్టింది. మాస్టారు మూడింటికీ తలూపారు.

ఆ రోజు వంతు కండక్టరుది. పన్నెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టి, నలభయ్యో ఏట దైవపిలుపు అందుకుని కళాశాలలో చేరిన మనిషి. భక్తికి లోటు లేదు. గొంతే ఇంకా బస్సు దిగలేదు.

"తల్లిదండ్రులు ముందుకు రావాలి! సాక్షులు దారికడ్డం నిలబడకండి, లోపల బోలెడు ఖాళీ ఉంది, జరగండి, జరగండి!"

"నెమ్మదయ్యా!" అన్నారు మాస్టారు, చెవులు మూసుకుని. "ఇది ప్రార్థనాలయం."

అసలు బాప్తిస్మ వాక్యాన్ని అభ్యాసంలో పలకకూడదు, అక్కడికి రాగానే తల వంచి ఆగిపోవాలి. అది మాస్టారు పెట్టిన నియమం. కండక్టరు నోరు ఆగింది గానీ చెయ్యి ఆగలేదు. చెంబెడు నీళ్ళూ బొమ్మ నెత్తిన గుమ్మరించాడు. ముందు బెంచీలోంచి "జుట్టూ!" అని ఒక కేక వినిపించింది.

తర్వాత రిజిస్టరు రాయాలి. కండక్టరు పుస్తకం తెరిచి, కలం పట్టి, పేరేమిటని అడిగాడు.

"బుజ్జమ్మ" అంది మనవరాలు మూతి ముడుచుకుని.

"ఎప్పుడు పుట్టింది?"

"పోయిన నెల మూడో తారీకున. కొట్లో."

మూడో తారీకు గడిలోకి ఎక్కింది. కొట్టుకు గడి లేదు. "తల్లిదండ్రులు ఎవరూ లేరు మాస్టారూ. ఈ రెండూ ఖాళీగా వదిలేయనా?" అన్నాడు కండక్టరు.

"ఖాళీగానా!" మాస్టారి అరుపుకు కిటికీ అద్దం అదిరింది. "నా క్లాసులో ఖాళీ గడా? మా పేర్లు రాసెయ్యవయ్యా, నాదీ మా ఆవిడదీ!"

కండక్టరు గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఇద్దరు సహపాఠులు సాక్షి సంతకాలు పెట్టారు. చూడముచ్చటైన పేజీ. ఒక్కటే లోపం. కండక్టరు పొద్దున ఆఫీసులోంచి పట్టుకొచ్చింది అసలు రిజిస్టరు. క్లాసవగానే బుద్ధిగా తీసుకెళ్ళి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు.

పాలకమండలి సమావేశం ప్రార్థనతో మొదలవుతుంది. ప్రార్థించడానికి వీలుగా కొత్తగా బాప్తిస్మం పొందిన వాళ్ళ పేర్లు గుమాస్తా చదివి వినిపించాలి. ఆయన రిజిస్టరు తెరిచాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తేదీ ఉంది, సంతకాలున్నాయి, ఒక్క గడీ ఖాళీ లేదు. ఇంత పద్ధతిగా రాయించే మనిషి కళాశాల మొత్తానికి ఒక్కడే. గొంతు సవరించుకుని చదివేశాడు.

బయట వరండాలో బెంచీ మీద మాస్టారు చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. తలుపు తెరుచుకుని ప్రిన్సిపాల్ గారు వచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "మాస్టారూ! దేవుడు ఎంత గొప్పవాడండీ!"

పొడిగింపు వచ్చేసిందనుకుని మాస్టారి గుండె పొంగింది. "అంతా ఆయన దయ. మా ఆవిడ కూడా ఎంతో కాలంగా ఎదురుచూస్తోంది."

"ఈ వయసులో కష్టం కాదూ?"

"కష్టమేముందండీ? ఇంకో మూడేళ్ళకు సరిపడా ఓపికుంది నాకు."

"ఇంకో మూడేళ్ళా!" ప్రిన్సిపాల్ గారు రెండడుగులు వెనక్కి వేసి, చేతిలోని కాగితం ఇచ్చి గబగబా లోపలికి వెళ్ళిపోయారు. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న మాస్టారిని ఈ వయసులో ఉద్యోగంతో కూడా శ్రమపెట్టడం అమానుషమనీ, పొడిగింపు ఆలోచన విరమించుకుంటున్నామనీ, తల్లీబిడ్డలు చల్లగా ఉండాలనీ ఆ కాగితంలో ఉంది.

మాస్టారు తలుపు తోసుకుని లోపలికి దూసుకెళ్ళారు. "ఏ బిడ్డ? ఎవరి బిడ్డ? ఇదేం అన్యాయం?"

గుమాస్తా పేజీ చూపించాడు. మాస్టారు పేజీ మీద వేలు పెట్టి పొడిచారు. "ఇది బొమ్మండీ! రబ్బరు బొమ్మ! అభ్యాసం! అసలు బాప్తిస్మ వాక్యమే పలకలేదు!"

"వాక్యం పలక్కుండానే రిజిస్టరులో ఎక్కించారా?" అంది పాలకమండలి అధ్యక్షురాలు. ఆవిడ ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. "రిజిస్టరు అబద్ధమాడదని మాకు నేర్పింది మీరే కదా మాస్టారూ?"

ఆయన తన మాటే తనకు ఎదురుతిరిగిందని ఉడికిపోతుండగా భార్య వచ్చేసింది. ఒక చేతిలో పసిపిల్లల ఉన్ని మేజోళ్ళు. రెండో చేత్తో మనవరాలు. మనవరాలి చంకలో తడి తువ్వాలు చుట్టుకున్న బొమ్మ.

"ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి చెప్పారట, వాళ్ళావిడ ఇంటికొచ్చి ఈ మేజోళ్ళిచ్చి వెళ్ళింది" అందావిడ రొప్పుతూ. "నన్ను లేవొద్దంది. పడుకోమంది. యాభై ఎనిమిదేళ్ళొచ్చాక నన్ను బాలింతను చేశారు! ఊరందరికీ తెలిసింది, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నేను చేసిందేముందే? గడి ఖాళీగా ఉందని..."

"గడి ఖాళీగా ఉంటే నన్ను కూర్చోబెడతారా అందులో?"

మనవరాలు నేరుగా అధ్యక్షురాలి బల్ల దగ్గరికి వెళ్ళి బొమ్మను పెట్టింది. "జుట్టు తడపొద్దన్నాను. తడిపారు. ఇప్పుడిది నొక్కితే ఏడవట్లేదు" అని బొమ్మ పొట్ట నొక్కింది. పాలకమండలి కాగితాల మీద నీళ్ళు చిమ్మాయి.

అందరూ నవ్వు ఆపుకోలేక నోళ్ళు నొక్కుకున్నారు. అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు. "బిడ్డ లేదన్నమాట. అయితే పొడిగింపుకు అడ్డేమీ లేదు. కానీ రిజిస్టరు ఒకటి, మా తీర్మానం ఒకటి చెప్పకూడదు. గుమాస్తాగారూ, ఆ వరుస కొట్టేయండి."

గుమాస్తా స్కేలు పెట్టి కలం మూత తీశాడు. మాస్టారు ఒక్క ఉదుటున రిజిస్టరు లాక్కుని గుండెలకు హత్తుకున్నారు.

"కొట్టివేతా? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్క గీత పడని పుస్తకంలో కొట్టివేతా?"

"కొట్టేయకపోతే పొడిగింపు లేదు మాస్టారూ."

మాస్టారి కళ్ళముందు తన తరగతి గది, అందులో తన కుర్చీ స్థానంలో ఒక పెద్ద స్పీకరు మెదిలాయి. భార్య ఆయన చొక్కా అంచు లాగి, "ఒప్పుకోండి, ఒక్క గీతే కదా" అని గొణిగింది.

"పొడిగింపు పోతే పోనీ!" మాస్టారు గొంతు చించుకున్నారు. "నేను పోతే ఇంకో మాస్టారు వస్తాడు. ఈ పేజీ మళ్ళీ రాదు. తప్పు నాది. అది తప్పుగానే ఉండాలి, అందరూ చూడాలి! కావాలంటే పక్కన ఎర్ర సిరాతో నిజం రాస్తాను. గీత మాత్రం పడనివ్వను!"

అధ్యక్షురాలు ఆయన చేతిలోని కాగితం తీసుకుని నిలువునా చింపేసింది. "ఒక్క అక్షరం కొట్టేశానని నాతో ఒకప్పుడు పేజీ మొత్తం నాలుగుసార్లు రాయించారు. అప్పుడు మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో! మైకులు బిగించడానికి ఎవరైనా దొరుకుతారు మాస్టారూ, ఈ పుస్తకానికి కాపలా దొరకదు. మూడేళ్ళు. రాసుకోండి గుమాస్తాగారూ. ఆ రెండో పుస్తకానికి లేబులంటించాలి, అది మా షరతు."

పక్క ఖాళీలో ఎర్ర సిరాతో 'పై శిశువు రబ్బరుది' అని మాస్టారే రాశారు. లేబులు మాత్రం పళ్ళు నూరుకుంటూ అంటించారు. సాయంత్రం కండక్టరు బొమ్మ జుట్టు ఆరబెడుతూ, మనవరాలిని ఊరడించడానికి నల్ల సిరాలో తను రాసింది చదివి వినిపించాడు. తండ్రి తాతయ్య, తల్లి అమ్మమ్మ. ఆ పిల్ల చాలాసేపు వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే వచ్చి బొమ్మను మాస్టారి ఒళ్ళో పడుకోబెట్టి, "తాతయ్యా, పిన్నికి జలుబు చేసింది, చూసుకో" అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.